అరగంట కిందటి గాలి

బుధవారం పొద్దున సోల్వై క్రాబెకి కాలు ఒకచోట నిలవలేదు. కిటికీలో ఉన్న పూలకుండీకి రెండుసార్లు నీళ్ళు పోసింది. రై రొట్టెకి వెన్న రాసి, తినడం మర్చిపోయి, ఇంకో రొట్టెకి వెన్న రాసింది. డెబ్బై మూడేళ్ళ మనిషి ఇలా ఇల్లంతా గింగిరాలు తిరుగుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఏమన్నా అనుకోనీ. ఇవాళ ప్రపంచయాత్ర ముగిసే రోజు.

యాత్రంటే గడప దాటి చేసిన యాత్ర కాదు లెండి. అయిదుగురు రిటైరైన మనుషులు, అయిదు ఊళ్ళు, అయిదు కంప్యూటర్లు. తెర మీద విమానాలు నడపడం వాళ్ళ పిచ్చి. రెండేళ్ళ నాలుగు నెలల కిందట ఫారో దీవుల్లోని వాగర్ విమానాశ్రయంలో మొదలుపెట్టారు. ఒకరు దింపిన చోటు నుంచి ఇంకొకరు లేపుతూ, అరవై మజిలీల్లో భూమిని చుట్టేసి నార్వేలో బెర్గెన్ దాకా వచ్చేశారు. మిగిలింది ఒక్కటే, బెర్గెన్ నుంచి మళ్ళీ వాగర్. చీటీలు వేస్తే ఆ ఒక్కటీ సోల్వైకి తగిలింది.

నియమాలు రాసింది హానుస్. ఎనభై ఎనిమిదేళ్ళవాడు, ఫారో దీవుల్లో పుట్టి నలభై ఏళ్ళు ఓడల్లో వంట చేసి, ఇప్పుడు ఆల్బోర్గ్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. బయట ఎలాంటి వాతావరణం ఉంటే తెర మీదా అదే ఉండాలి. చివరి వెయ్యి అడుగులూ ఎవరి చేత్తో వాళ్ళే దింపాలి, ఆటోపైలట్ ముట్టుకోకూడదు. విమానం కూలినా, అనుకున్న ఊళ్ళో కాక ఇంకెక్కడ దిగినా యాత్ర మొదటికొస్తుంది. అరవై ఒక్క మజిలీలూ మళ్ళీ వాగర్ నుంచి. "అప్పటికి నేనుండను, మీరు కానివ్వండి" అని హానుస్ నవ్వుతూనే అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళెవరికీ నవ్వు రాలేదు.

ఇంతకీ సోల్వై ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆమె కుడిచేయి వణుకుతుంది.

అదేమన్నా మామూలు చేయా? ముప్పై ఒక్క ఏళ్ళు ఎస్బియర్ రేవులో క్రేను నడిపిన చేయి. సోల్వై పెట్టె దింపితే గుడ్డు మీద దింపినా పెంకు పగలదని రేవులో చెప్పుకునేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున కాఫీ కప్పు సాసర్ మీద టకటకలాడింది. ప్రాణానికేం ప్రమాదం లేదని డాక్టరు చెప్పింది. ఒక మాత్ర ఇచ్చింది. వేసుకుంటే నాలుగు గంటలు చేయి మాట వింటుంది. రోజుకి ఒక్కటే, రెండోది వేస్తే గుండె నెమ్మదిస్తుంది. అప్పట్నుంచి ఏటా వేసవిలో వీళ్ళంతా కలిసి భోంచేసే రోజున సోల్వైకి సరిగ్గా తుంటినొప్పి వస్తోంది. నలుగురి ముందు ఆ కప్పు అలా మోగడం కంటే చావడం నయం అనుకుంది.

ఇంకో భయం కూడా ఉంది. ఇంతకుముందు వాళ్ళలో ఊవ అని ఒకాయన ఉండేవాడు. చూపు తగ్గి రెండుసార్లు విమానం కూల్చాడు. అందరూ ఎంతో ప్రేమగా, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో ఊవా" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. ఆ మాట అన్నవాళ్ళలో సోల్వై కూడా ఉంది, అందరికంటే ముందు.

లెక్క పక్కాగా వేసుకుంది. పదింటికి మాత్ర. పదకొండున్నరకి బయల్దేరితే ఒంటిగంటకి దిగొచ్చు. రెండింటిదాకా చేయి భద్రం.

కానీ ముందు ఆరోగ్య వార్తలు వినాలి కదా. ప్రతి బుధవారం అయిదుగురూ కంప్యూటర్లోంచే మాటలు కలుపుతారు, అప్పటి ఆనవాయితీ అది. పది నిమిషాలు ఆరోగ్యం, పది నిమిషాలు ఊళ్ళు తిరిగిన కబుర్లు, తర్వాత విమానం.

"నా మోకాలి సంగతి వినండి," అని ఎల్సెబెత్ మొదలుపెట్టింది. స్వెన్‌బోర్గ్‌లో మందుల షాపు నడిపిన మనిషి, రోగాలంటే ఆవిడకి వల్లమాలిన ఇష్టం. "డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూపించాడు. నా ఎముకని నేనే గుర్తుపట్టలేకపోయాను తెలుసా?"

"నీ ఎముక నిన్ను గుర్తుపట్టిందా మరి?" అన్నాడు హెన్నింగ్. హోల్‌స్టెబ్రోలో పాల ఫ్యాక్టరీ మిషన్లు బాగుచేసి రిటైరయ్యాడు.

"నువ్వు నోర్మూసుకో. నీ షుగరెంతో చెప్పు ముందు."

"దివ్యంగా ఉంది."

"ఎంత దివ్యంగా?"

"చెప్పుకోలేనంత."

మోకాలికే పాతిక నిమిషాలు పట్టింది. సోల్వై గడియారం వంక చూసుకుంటూ పళ్ళు నూరుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పదండి పదండి," అంది. హానుస్ తన వంతుకి, "బతికే ఉన్నాను. తర్వాతి వార్త," అన్నాడు. ఆయన వార్త ప్రతివారం అదే.

ఇక ప్రయాణం కబుర్లకి ప్రెబెన్ ఒక్కడే దిక్కు. పోస్టు వ్యాను నడిపినవాడు, ఇప్పుడు ఫోన్లోంచి మాట్లాడుతున్నాడు. ఎక్కణ్ణించి? సాక్షాత్తూ వాగర్ నుంచే! చివరి మజిలీ తన కళ్ళతో చూడాలని టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళాడు. తెర మీది విమానం అక్కడ ఎలా కనిపిస్తుందిరా అని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా, అదీ వీళ్ళ వరస.

"కంచె పక్కనే నిలబడ్డాను," అని అరుస్తున్నాడు ప్రెబెన్. వెనక గాలి హోరు. "టోపీ ఎగిరిపోయింది! మా ఆవిడ కారు దిగనంటోంది. నిజం విమానాలన్నీ రద్దు చేసేశారు. బ్రహ్మాండంగా ఉంది!"

సోల్వై బెర్గెన్‌లో చక్రాలు లేపేసరికి పన్నెండు కావడానికి అయిదు నిమిషాలు. పోనీలే, ఒంటిగంటన్నరకి దిగుతాను, ఇంకా అరగంట చేతిలో ఉంటుంది అనుకుంది. ఆ గాలి ఎదురుగాలి అన్న సంగతి అప్పటికి ఆమె లెక్కలో లేదు. రెండు పంకాల చిన్న విమానం సముద్రం మీద ఎడ్లబండిలా నడిచింది. ఒకటిన్నర అయింది. ఒకటీ ముప్పావు అయింది. దీవులింకా కనబడవు. అయినా లోపల ఎక్కడో ఒక పిచ్చి సంతోషం. రెండేళ్ళుగా ఎదురుచూసిన కొండలు ఇప్పుడో ఇంకాసేపట్లోనో మబ్బుల్లోంచి బయటపడాలి. రెండు కావడానికి అయిదు నిమిషాలుందనగా బయటపడ్డాయి, నల్లగా, పచ్చగా, మధ్యలో సరస్సు.

"వచ్చేశాను! కనిపిస్తున్నాయి!" అని కేక పెట్టింది.

నలుగురూ ఒక్కసారిగా మాట్లాడారు. ఎవరేమన్నారో దేవుడికే తెలియాలి. హానుస్ గొంతు మాత్రం సన్నగా వినిపించింది. "సరస్సు కనిపిస్తోందా అమ్మాయ్? దాని ఒడ్డునే మా ఇల్లుండేది."

గాలి గంటకి డెబ్బై కిలోమీటర్లు, అదీ అడ్డంగా. విమానం ముక్కు గాలివైపు తిప్పి, ఎండ్రకాయలా పక్కకి పక్కకి దించుకుంటూ రావాలి. వెయ్యి అడుగుల దగ్గర ఆటోపైలట్ తీసేసింది. గడియారం రెండూ అయిదు. విమానాన్ని తిప్పే జాయ్‌స్టిక్ కర్ర పట్టుకున్న బొటనవేలు చిన్నగా ఒకసారి అదిరింది. ఇంకాసేపు ఆగవే తల్లీ అని చేతిని బతిమాలుకుంది.

అప్పుడు ప్రెబెన్ గావుకేక పెట్టాడు. "గాలి పడిపోయింది! సోల్వై, గాలి పడిపోయింది! స్తంభం మీద గాలి ఎటుందో చూపే సంచి తడిగుడ్డలా వేలాడుతోంది. నా కళ్ళముందే! ముక్కు రన్‌వేకి నేరుగా తిప్పు, ఇప్పుడే దించెయ్!"

కళ్ళారా చూస్తున్నవాడు చెబితే నమ్మదా? ముక్కు నేరుగా తిప్పింది. అంతే, విమానాన్ని ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు పక్కకి తోసేసింది గాలి. రన్‌వే తెర అంచుకి జారిపోయింది, దాని బదులు కొండ, రాళ్ళు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా.

"లేపు! లేపు!" అని హెన్నింగ్ గొంతు చించుకున్నాడు.

ఇంజన్లు రెండూ పూర్తిగా తెరిచి కర్ర గుండెల్లోకి లాక్కుంది సోల్వై. విమానం కొండ భుజాన్ని రాసుకుంటూ మబ్బుల్లోకి పోయింది.

"గాలి లేదంటివి కదరా!" అంది సోల్వై.

"ఒట్టు! లేదు! ఈక వదిలితే కాళ్ళ దగ్గరే పడుతుంది ఇక్కడ!"

"ఓరి నీ తెలివి తెల్లారా," అని హెన్నింగ్ తల పట్టుకున్నాడు. "నువ్వు చూస్తున్నది ఇప్పటి గాలి. తెరలోకి గాలి దేన్నిబట్టి వస్తుంది? విమానాశ్రయం వాళ్ళు అరగంటకోసారి ఇచ్చే రిపోర్టుని బట్టి. ఆమె ఎగురుతున్నది ఒకటీ యాభై నాటి గాలిలో! నువ్వు నిలబడ్డ వాగర్ వేరు, ఆమె దిగే వాగర్ వేరు!"

నిజమే. పదేళ్ళుగా అందరికీ తెలిసిన సంగతే. సంబరంలో ఒక్కరికీ గుర్తు రాలేదు, విన్న సోల్వైకీ గుర్తు రాలేదు. గడగడ వణుకుతూ వానలో రెండు గంటలు నిలబడి, ప్రాణస్నేహితురాలికి కొండ చూపించబోయాడు పాపం ప్రెబెన్. "అయ్యో, అయ్యో," అంటున్నాడు ఫోన్లో.

"ఏడవకు," అంది ఎల్సెబెత్. "నీ గాలి మంచిదేగా. రెండూ ఇరవైకి కొత్త రిపోర్టు వస్తుంది. అప్పుడు అదే గాలి సోల్వైకీ వస్తుంది. అందాకా పైన చక్కర్లు కొడితే సరి. పెట్రోలుందా?"

"ఉంది. ఒక్కసారి ప్రయత్నించడానికి సరిపోతుంది," అంది సోల్వై.

"ఇంకేం మరి! ఆగు, పావుగంటేగా!"

పావుగంటేగా. విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పజెప్పి సోల్వై తన కుడిచేతి వంక చూసుకుంది. బల్ల మీద పెట్టింది కదా, వేళ్ళు బల్లని వాయిస్తున్నాయి. పావుగంట ఆగితే గాలి తగ్గుతుంది, వణుకు పెరుగుతుంది. ఇప్పుడే దించుదామంటే చేయి ఇంకా కాస్త మాట వింటుంది గానీ గాలి కొండకేసి కొడుతుంది. ఎటు చూసినా హానుస్ యాత్ర ఆమె చేతిలోంచే జారిపోయేట్టుంది. చెప్పకుండా ఆగి కూల్చితే? గాలి వల్ల కూలిందనుకుంటారు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనొకటి చెప్పాలి," అంది. "నా కుడిచేయి వణుకుతుంది. మూడేళ్ళయింది. మాత్ర రెండింటిదాకానే పనిచేస్తుంది. ఇప్పుడు రెండు దాటిపోయింది. తుంటినొప్పి అబద్ధం. గుండ్రాయీ అబద్ధమే. మీకు చెప్పకుండా ఈ మజిలీ తీసుకున్నాను. ఊవకి విశ్రాంతి తీసుకోమన్నది నేనే కదా, నన్నూ ఆ మాటే అంటారని భయపడ్డాను. తిడితే తర్వాత తిట్టండి, ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి."

ప్రెబెన్ ఫోను ఛాతీకి అదుముకున్నట్టు చప్పుడైంది.

హెన్నింగ్ గొంతు సవరించుకున్నాడు. "కర్ర సెట్టింగుల్లోకి వెళ్ళు. కింద డెడ్‌జోన్ అని ఉంటుంది చూడు."

"ఏంటది?"

"కర్ర నడిమిన కొంచెం మేర. ఆ మేరలో నీ చేయి ఎంత వణికినా విమానానికి తెలియదు. దాన్ని పాతికకి పెట్టు. కాకపోతే తిప్పాలనుకున్నప్పుడు గట్టిగా, పెద్దగా తిప్పాలి."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసంటే..." హెన్నింగ్ ఆగాడు. "నాది రెండేళ్ళుగా పద్దెనిమిది మీద ఉంది. సాయంత్రాలు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. షుగరు మరీ అంత దివ్యంగా ఏం లేదులే."

"నువ్వా!" అంది ఎల్సెబెత్. తర్వాత చిన్నగా, "నాది పన్నెండు," అంది.

"నీకు మోకాలు కదా?"

"మోకాలి కబురు పాతిక నిమిషాలు చెబితే చేతి సంగతి ఎవరూ అడగరు కదా."

ఇన్ని బుధవారాలు, ఇన్ని ఆరోగ్య వార్తలు, అన్నీ బూటకమేనా! ఇంతలో ఆల్బోర్గ్ నుంచి దగ్గు వినిపించింది.

"నలభై," అన్నాడు హానుస్.

"ఏది నలభై పెద్దాయనా?"

"నా డెడ్‌జోన్. నలభై. ఇంకా పెంచితే కర్ర తీసి పొయ్యిలో పెట్టుకోవచ్చు." ఆయన నవ్వుకి దగ్గు అడ్డం వచ్చింది. "నియమాల్లో చేత్తో దింపాలని రాశాను. వణకని చేత్తో అని నేనెక్కడా రాయలేదు. దించమ్మాయ్."

నలుగురూ పగలబడి నవ్వారు. సోల్వై నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, సెట్టింగుల్లో అంకె పాతికకి జరిపింది. కర్ర అటూ ఇటూ ఆడించి చూసింది. చేయి వణుకుతూనే ఉంది, విమానం కదలలేదు. గట్టిగా తోస్తే కదిలింది. అరె, ఇది నాకు రాదా ఏం? రేవులో పాత క్రేను లీవర్లన్నీ ఇంతే! అరచేయి అంత వదులు, ఆ తర్వాతే పట్టు.

"రెండూ ఇరవై దాటిందా?" అంది.

"రెండు నిమిషాలాగు," అన్నాడు హెన్నింగ్.

ఆ రెండు నిమిషాల్లోనే ప్రెబెన్ ఫోన్లో కొత్త గొంతు వినబడింది. ఎవరో టాక్సీ డ్రైవరు. విమానాలు లేక బేరాలు లేక కాఫీ తాగుతున్నవాడు, కంచె పట్టుకుని ఒంటరిగా అరుస్తున్న ముసలాయన్ని చూసి ఏం కొంపమునిగిందోనని వచ్చాడు.

"ఎవరికోసం చూస్తున్నారండీ?"

"స్నేహితురాలి కోసం. విమానం తనే నడుపుకుంటూ వస్తోంది."

"ఇవాళ అన్నీ రద్దు కదండీ?"

"ఆవిడది రద్దు కాలేదు."

డ్రైవరు ఆకాశం వంక చూసిన చూపు సోల్వైకి ఎస్బియర్‌లో కూర్చున్నా కనబడినట్టే ఉంది.

"రిపోర్టు వచ్చింది!" అని అరిచాడు హెన్నింగ్. "గాలి పదిహేను కిలోమీటర్లు! పద!"

సోల్వై విమానాన్ని తిప్పింది. ఎడమవైపు సముద్రం వంగింది, మబ్బులు పక్కకి తొలిగాయి, సరస్సు తళుక్కుమంది. వెయ్యి అడుగులు. ఆటోపైలట్ తీసేసింది. చేయి ఇప్పుడు దాపరికం లేకుండా వణుకుతోంది, ముంజేయి దాకా. వణకనీ. రన్‌వే కొంచెం కుడికి పోయింది. ఒక్క తోపు తోసి వదిలేసింది. మధ్యకి వచ్చింది. అయిదు వందలు. మూడు వందలు. ఇందాకటి కొండ పక్కనుంచి వెళ్ళింది, ఈసారి దాని దారిన అది.

"వంద," అన్నాడు హెన్నింగ్ గుసగుసగా.

కర్ర వెనక్కి లాగింది, పెద్దగా, రేవులో పెట్టె దించినట్టు. చక్రాలు నేలని తాకాయి. ఒకసారి ఎగిరాయి, మళ్ళీ తాకాయి. ఇంజన్లు వెనక్కి తిప్పి బ్రేకులు తొక్కింది. తెర మీద గడ్డి, దీపాలు, కంచె నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయాయి.

"దిగాను," అంది సోల్వై.

ఇక చూడండి గోల! ఎల్సెబెత్ బల్ల మీద ఏదో పగలగొట్టింది. హెన్నింగ్ ఈల వేశాడు. హానుస్ మాత్రం తన దీవుల భాషలో నెమ్మదిగా ఏదో అంటున్నాడు, అర్థం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అందరికంటే ఎక్కువ అరిచింది ప్రెబెన్. ఖాళీ రన్‌వే ముందు, వానలో, టోపీ లేకుండా గంతులేస్తున్నాడు.

"మీ స్నేహితురాలు దిగిందా?" అని టాక్సీ డ్రైవరు అడగడం వినిపించింది.

"దిగింది! ఇదిగో, ఇక్కడే, ఇప్పుడే!"

పాపం ఆ మనిషి ఖాళీ రన్‌వేని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూస్తున్నట్టున్నాడు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు. "ఆవిడకి టాక్సీ ఏమన్నా కావాలేమో అడగండి."

అందరూ విరగబడి నవ్వారు. సోల్వై నవ్వలేదు. తన చేతిని తెర వెలుగులో పెట్టుకుని చూసుకుంటోంది. అది ఇంకా వణుకుతూనే ఉంది, దాని పని అది చేసేసి.

"ప్రెబెన్, అక్కడ ఎన్నాళ్ళుంటున్నావు?"

"ఆదివారం దాకా. ఏం?"

"శుక్రవారం నిజం విమానం ఉందేమో చూడు, నేనే వస్తాను. హానుస్ వాళ్ళ ఇల్లు ఉన్నచోటు ఫొటో తీసి పెట్టాలి ఆయనకి. ఆ డ్రైవరు నంబరు తీసుకో. కావాలని చెప్పు, నాకు టాక్సీ కావాలి. ముందొక మాట చెబుతున్నా, కాఫీ సగం కప్పే పొయ్యండి నాకు, లేదంటే బల్లంతా మీరే తుడుచుకోవాలి."